మల్టీవేరియబుల్ కాలిక్యులస్‌కి బెంగళూరులో ట్యూటర్‌ని ఎలా వెతుక్కోవాలి, ఆ గంటను ఎలా వాడుకోవాలి

"అన్నా, ఎం-2 బ్యాక్ ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని నాకొక్కడికే చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" ఇంటర్నల్స్ మార్కులు వచ్చిన వారంలో ప్రతి ఏడూ నాకు ఇదే ప్రశ్న వస్తుంది. ఎం-2 అంటే ఇంజినీరింగ్ రెండో సెమిస్టర్ మ్యాథ్స్ పేపర్. ఎక్స్, వై లాంటి ఒకటికన్నా ఎక్కువ వేరియబుల్స్‌తో చేసే మల్టీవేరియబుల్ కాలిక్యులస్ దగ్గరే అందులో చాలామంది ఆగిపోతారు. అడిగేవాళ్లలో అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి బెంగళూరుకు ఇంజినీరింగ్ చదవడానికి వచ్చిన పిల్లలే ఎక్కువ. ఈమధ్య ఉద్యోగం చేసుకుంటూ ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ చదివేవాళ్లు కూడా అడుగుతున్నారు. అందులో రెండో గణితం పేపర్‌లో లీనియర్ ఆల్జీబ్రాతో పాటు మల్టీవేరియబుల్ కాలిక్యులస్ కూడా ఉంటుంది. అందరికీ పనికొచ్చేలా ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. నేను ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా ఈ సబ్జెక్టే ఒక్కొక్కరికి చెబుతున్నాను, కాబట్టి చెప్పేవాడిగా గమనించినవి కూడా ఇందులో ఉంటాయి.

ముందుగా ఒక్క మాట. ట్యూటర్ ఎంత గొప్పవారైనా, ఆ గంటసేపు పెన్ను ఆయన చేతిలోనే ఉంటే మీకు లెక్క రాదు. పెన్ను మీ చేతికి రావాలి. కింద చెప్పే ప్రతి అడుగూ దాని కోసమే.

ఏమేం కావాలి

- మీ సిలబస్ కాగితం. వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కాలేజీల్లో సాధారణంగా మొదటి సెమిస్టర్‌లో పార్షియల్ డెరివేటివ్‌లు, రెండో సెమిస్టర్‌లో డబుల్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్, వెక్టార్ కాలిక్యులస్ వస్తాయి. మీ బ్రాంచికి ఏది ఉందో చూసుకోండి.
- పాత ప్రశ్నపత్రాలు మూడు నాలుగు.
- మీరు రాసి, మార్కులు పోయిన ఇంటర్నల్ పేపర్. చాలామంది సిగ్గుపడి దీన్ని దాచేస్తారు. ట్యూటర్‌కి అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది ఇదే.
- ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు, ముఖ్యంగా కాలిక్యులస్ ఉండే వన్‌బి, టూబి. ఊళ్లో అటక మీద ఉంటే ఎవరైనా వచ్చేటప్పుడు తెమ్మనండి.
- గీతల్లేని తెల్ల నోటుబుక్, రెండు రంగుల పెన్నులు.
- ఫోన్‌లో జియోజీబ్రా త్రీడీ. ఉచితమే. జెడ్ ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్ మైనస్ వై స్క్వేర్ అని కొట్టి వేలితో తిప్పి చూడండి. గుర్రం జీను ఆకారం కనిపిస్తుంది. శాడిల్ పాయింట్ అన్న పేరు ఎందుకొచ్చిందో ఇక మర్చిపోరు.

అడుగు 1: ఎక్కడ ఆగిపోతున్నారో పట్టుకోండి

దీన్ని దాటేసి ఫోన్ నంబర్ల వెంట పడకండి. "నాకు ఏమీ రాదు సార్" అనేవాళ్లకు నిజంగా ఏమీ రాకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏదో ఒక్కచోట ముడి పడి ఉంటుంది. అది తెలియకుండా వెళ్తే మొదటి మూడు నాలుగు గంటలు దాన్ని వెతకడానికే పోతాయి, వాటికీ మీరే డబ్బు కట్టాలి.

నలభై నిమిషాలు టైమ్ పెట్టుకుని, పుస్తకం మూసి, ఈ నాలుగూ చేయండి.

ఒకటి: ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్‌ని (x·e^x) ఇంటిగ్రేట్ చేయండి.

రెండు: వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్, వై ఈక్వల్స్ ఎక్స్, ఈ రెండింటి మధ్య ప్రాంతాన్ని గీసి, అవి కలిసే బిందువులు రాయండి.

మూడు: ఎక్స్ స్క్వేర్ ఇంటూ వై ప్లస్ వై క్యూబ్ అనే ఫంక్షన్‌కి, (1, 2) దగ్గర ఎక్స్‌తో, వైతో పార్షియల్ డెరివేటివ్‌లు కట్టండి. 4, 13 రావాలి.

నాలుగు: ఈ పవర్ వై స్క్వేర్‌ని (e^(y²)), వై అనేది ఎక్స్ నుంచి 1 దాకా, ఎక్స్ అనేది 0 నుంచి 1 దాకా డబుల్ ఇంటిగ్రేట్ చేయండి.

మొదటిదే రాకపోతే మీ ఇబ్బంది ఎం-2 కాదు, ఇంటర్ టూబి. పది రోజులు ఇంటిగ్రేషన్ సాధన చేసి, ఆ తర్వాత ట్యూటర్‌ని వెతకండి. రెండోది రాకపోతే బొమ్మ గీయడం రావడం లేదు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగానికి పైగా ఇక్కడే ఉంటారు. వాళ్లకు ఇంటిగ్రేషన్ వచ్చు, లిమిట్స్ పెట్టడమే రాదు. మూడోది తప్పితే ఒక వేరియబుల్‌ని కాన్‌స్టెంట్‌గా పట్టుకునే అలవాటు ఇంకా కుదరలేదు. దీనికి రెండు గంటలు చాలు. మొదటి మూడూ వచ్చి నాలుగోదే రాకపోతే మీరు బాగానే ఉన్నారు, నాలుగైదు గంటల సాయంతో గట్టెక్కుతారు.

ఎక్కడ ఆగారో ఆ లైన్ కింద రెండో రంగు పెన్నుతో గీత గీయండి. ఆ కాగితం పారేయకండి, అడుగు 4లో కావాలి.

అడుగు 2: డబ్బు కట్టే ముందు మీ లెక్చరర్ దగ్గరికి వెళ్లండి

భయపడతారని తెలుసు. ఖాళీ చేతులతో వెళ్లి "అర్థం కాలేదు మేడమ్" అంటే ఏ మేడమ్‌కైనా విసుగొస్తుంది. గీత గీసిన కాగితం చూపించి "ఈ లైన్ దాకా వచ్చాను, ఇక్కడ కింది లిమిట్ ఎక్స్ ఎందుకైందో తెలియలేదు" అని అడగండి. చాలామంది అప్పటికప్పుడే చెబుతారు. ఇంటి దగ్గర అప్పు చేసి ఫీజు పంపిస్తున్న తల్లిదండ్రులు ఉన్న పిల్లలు ఈ అడుగు దాటేయకూడదని నా కోరిక.

హెచ్చరిక: మీకు ఇంటర్నల్ మార్కులు వేసేవారికే డబ్బు కట్టి ట్యూషన్ పెట్టుకోకండి. ఇద్దరికీ ఇబ్బంది.

అడుగు 3: ఎక్కడ వెతకాలి

మొదట సీనియర్లు. ఈ పేపర్ మంచి మార్కులతో పాసైన మూడో ఏడాది అన్నయ్యో అక్కో అయితే, ఎక్కడ తడబడతామో వాళ్లకు ఇంకా గుర్తుంటుంది. కాకపోతే "ఇది ఇంపార్టెంట్, ఇది వదిలేయ్" అనడమే వాళ్లకు అలవాటు. ఆ సలహా పరీక్ష ముందురోజు వినండి, ఇప్పుడు కాదు.

తర్వాత ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివేవాళ్లు. వెక్టార్ కాలిక్యులస్‌కి వీళ్లు బాగా పనికొస్తారు. పీహెచ్‌డీ స్కాలర్లనైతే బయట ఫీజు తీసుకోవడానికి మీకు వీలుందా అని ముందే అడగండి. ఫెలోషిప్ తీసుకునేవాళ్లకు నిబంధనలు ఉంటాయి.

మల్లేశ్వరం, బసవనగుడి, జయనగర్ లాంటి పాత పేటల్లో రిటైరైన లెక్చరర్లు ఇంటి దగ్గరే చెబుతుంటారు. ప్రకటనలు ఇవ్వరు. ఆ వీధిలోని జిరాక్స్ షాపులో, పుస్తకాల షాపులో అడిగితే తెలుస్తుంది. ఓపిక వీళ్లకు ఎక్కువ. మీ సిలబస్ కాగితం మాత్రం మీరే తీసుకెళ్లాలి.

ట్యూటర్ యాప్‌లు కూడా ఉన్నాయి. అందులో స్టార్ రేటింగ్ చూసి నిర్ణయించకండి. "డబుల్ ఇంటిగ్రల్స్, స్టోక్స్ థియరం చెబుతారా?" అని పేరు పెట్టి అడగండి. పదో తరగతి దాకా చెప్పేవాళ్లు కూడా కాలిక్యులస్ అని రాసుకుంటారు.

భాష సంగతి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు తెలుగులో చెప్పేవారినే వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. అవకలనం, సమాకలనం అన్న మాటలతో నేర్చుకున్న బుర్రకు పార్షియల్ డెరివేటివ్‌ని పాక్షిక అవకలజం అంటే చటుక్కున తడుతుంది. అర్థం చేసుకోవడం తెలుగులో జరగాలి, జవాబు రాయడం ఇంగ్లీషులో సాధన చేయాలి. ఈ ఊళ్లో కన్నడ మాట్లాడే సార్లలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, కాబట్టి ఇంటిపేరు చూసి వదిలేయకండి.

అడుగు 4: మొదటి మెసేజ్‌లోనే విషయం చెప్పండి

"సార్ ట్యూషన్ కావాలి" అని పంపితే జవాబు రాదు, వచ్చినా పది ప్రశ్నలు వస్తాయి. ఇలా పంపండి:

"నమస్కారం సార్. నేను బీఈ రెండో సెమిస్టర్, వీటీయూ. ఇంటిగ్రేషన్ చేయగలను, డబుల్ ఇంటిగ్రల్స్‌లో లిమిట్స్ పెట్టడం దగ్గర ఆగిపోతున్నాను. నేను చేసి తప్పిన లెక్క ఫోటో పంపుతున్నాను. పరీక్షకు అయిదు వారాలుంది. వారానికి రెండు గంటలు, సాయంత్రం ఆరు తర్వాత వీలవుతుందా? మొదటి గంట ఫీజు ఎంతో చెప్పగలరు."

ఫోటో ముఖ్యం. ఫోటో చూసి "ఇక్కడ మీరు బొమ్మ గీశారా?" అని తిరిగి అడిగినవారు మంచి టీచర్. "అన్నీ నేర్పిస్తాను, నెల ఫీజు ఇంత" అని మాత్రమే పంపినవారిని పక్కన పెట్టండి.

అడుగు 5: మొదటి గంటలో ట్యూటర్‌ని గమనించండి

నెలకు మాట ఇవ్వకముందు ఒక్క గంట మాత్రమే తీసుకోండి. దానికి ఫీజు కట్టండి. వాళ్ల సమయానికీ విలువ ఉంది.

ఆ గంటలో ఒక లిమిట్ లెక్క అడగండి. ఎక్స్ స్క్వేర్ ఇంటూ వై, బై, ఎక్స్ పవర్ 4 ప్లస్ వై స్క్వేర్. (0, 0) దగ్గర లిమిట్ ఉందా? ఏ సరళరేఖ మీద నడిచి వచ్చినా 0 వస్తుంది. వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్ అనే పారాబోలా మీద వస్తే సగం, అంటే 1/2 వస్తుంది. కాబట్టి లిమిట్ లేదు. జవాబు వాళ్లకు తెలుసా లేదా అన్నది కాదు మీరు చూడాల్సింది, చెప్పే తీరు. "ముందు మీరు వై ఈక్వల్స్ ఎమ్ ఎక్స్ పెట్టి చూడండి" అని నోటుబుక్ మీ వైపు జరిపితే వదులుకోకండి. గబగబా మొత్తం తనే రాసేసి "అర్థమైందా?" అంటే మీరు తల ఊపుతారు, అక్కడితో ఆ గంట అయిపోయినట్టే.

ట్యూటర్‌కి ఏదైనా తెలియక "రేపు చూసి చెబుతాను" అంటే అది లోపం కాదు. చెప్పిన రోజున చెప్పారా అన్నది చూడండి.

అడుగు 6: చోటు, సమయం, డబ్బు

బెంగళూరులో దూరాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో కొలవండి. ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటి వెళ్లాల్సిన ట్యూషన్‌కి సాయంత్రం బస్సులో కూర్చుని అలసిపోయి చేరితే స్టోక్స్ థియరం ఎక్కదు. మెట్రో అందుబాటులో ఉంటే ఆ దారిలోనే వెతకండి. ఎలక్ట్రానిక్ సిటీలో ఉండేవాళ్లకు 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మొదలైనప్పటి నుంచి ఆర్వీ రోడ్, జయనగర్ వైపు వెళ్లడం తేలికైంది. వైట్‌ఫీల్డ్ వాళ్లకు పర్పుల్ లైన్ ఉంది.

కొత్త మనిషిని మొదటిసారి కలిసేటప్పుడు కాలేజీ లైబ్రరీ లాంటి నలుగురూ తిరిగే చోటే కలవండి. ఆడపిల్లలకు ఇది మరీ గట్టిగా చెబుతున్నాను. ఎక్కడికి వెళ్తున్నారో రూమ్‌మేట్‌కి చెప్పి వెళ్లండి.

ఫీజు గంటకింత అని మాట్లాడుకుని, ఏ వారానికి ఆ వారం యూపీఐలో పంపండి. మొత్తం కోర్సుకి ముందే కట్టించుకునే చోట జాగ్రత్త. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడు అలా ఒకచోట సెమిస్టర్ మొత్తానికి కట్టాడు. మూడు వారాలకే చెప్పే సార్ మారిపోయారు, డబ్బు తిరిగి రాలేదు. డబ్బు సరిపోకపోతే ఇద్దరు స్నేహితులు కలిసి పెట్టుకోండి. ఇద్దరిదీ ఒకే ముడి అయితేనే సుమా.

అడుగు 7: ఆ గంట ఎలా నడవాలి

మొదటి పది నిమిషాలు: పోయినసారి చేసిన లెక్కే, అంకెలు మార్చి, ట్యూటర్ చూస్తుండగా మీరు చేయండి. తర్వాత నలభై నిమిషాలు కొత్త విషయం. ట్యూటర్ ఒక్క లెక్క చేసి చూపించాలి, మీరు రెండు చేయాలి. చివరి పది నిమిషాలు మీరే టీచర్. ఈ రోజు నేర్చుకున్నది పైకి చెప్పండి, తడబడిన చోట ట్యూటర్ గుర్తు పెట్టుకుంటారు.

అడుగు 1లోని నాలుగో లెక్కతోనే చూపిస్తాను. ఈ పవర్ వై స్క్వేర్‌ని వైతో ముందుగా ఇంటిగ్రేట్ చేయబోతే ముందుకు కదలదు. ఆర్డర్ మార్చాలి. ఇక్కడ చాలామంది లిమిట్స్‌ని అలాగే ఎత్తి అటూ ఇటూ మార్చి రాసేస్తారు. బయటి లిమిట్‌లో ఎక్స్ కూర్చుంటుంది, జవాబులోనూ ఎక్స్ మిగులుతుంది. జవాబులో వేరియబుల్ మిగిలిందంటే అక్కడే తప్పు జరిగింది.

ఇప్పుడు పెన్ను పట్టుకోండి. వై ఈక్వల్స్ ఎక్స్ గీత గీయండి. పైన వై ఈక్వల్స్ 1 అడ్డగీత. ఎడమన వై అక్షం. (0, 0), (0, 1), (1, 1) మూలలుగా ఒక త్రిభుజం వచ్చింది. దాని మీద పెన్నును అడ్డంగా పెట్టి కింద నుంచి పైకి జరపండి. పెన్ను త్రిభుజంలోకి ఎక్స్ ఈక్వల్స్ 0 దగ్గర వెళ్లి, ఎక్స్ ఈక్వల్స్ వై దగ్గర బయటికి వస్తోంది. కాబట్టి ఎక్స్ 0 నుంచి వై దాకా, వై 0 నుంచి 1 దాకా. లోపలి ఇంటిగ్రల్ వై ఇంటూ ఈ పవర్ వై స్క్వేర్ అవుతుంది, ఇక మిగతాది ఇంటర్ లెక్కే. జవాబు (ఈ − 1)/2, సుమారు 0.86.

నమ్మకం కుదరాలా? త్రిభుజం వైశాల్యం 0.5. అందులో ఫంక్షన్ విలువ 1 నుంచి 2.72 మధ్యలో ఉంటుంది. అంటే జవాబు 0.5కీ 1.36కీ మధ్య ఉండాలి. 0.86 ఉంది. పెన్ను జరపడం ఒక్కసారి చేత్తో చేసినవాళ్లకు చేంజ్ ఆఫ్ ఆర్డర్ మళ్లీ చెప్పాల్సిన అవసరం నాకు దాదాపు రాలేదు. చూసి తల ఊపినవాళ్లకు నాలుగుసార్లు చెప్పాను.

ఆన్‌లైన్‌లో అయితే

ముఖాలు చూసుకోవడం కాదు, నోటుబుక్ కనిపించడం ముఖ్యం. బల్ల మీద రెండు వైపులా పుస్తకాలు పేర్చి, వాటి మీద పొడుగు స్కేలు వేసి, ఫోన్‌ని కెమెరా కిందికి ఉండేలా దాని మీద పెట్టండి. కింద మీరు రాస్తుంటే ట్యూటర్‌కి ప్రతి లైనూ కనిపిస్తుంది. పీజీ హాస్టళ్లలో రాత్రి తొమ్మిది తర్వాత వైఫై నెమ్మదిస్తుంది, పొద్దున ఆరు గంటల క్లాసు పెట్టుకుంటే ప్రశాంతంగా జరుగుతుంది. రికార్డింగ్ ఉందిలే అని రాయడం మానకండి.

ట్యూటరే దొరకకపోతే, ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. వీడియో ఆపి లెక్క మీరు చేసి, ఆ తర్వాత మళ్లీ నడపండి. తప్పు పట్టడానికి ఒక స్నేహితుడిని పెట్టుకోండి.

అడుగు 8: వచ్చిందో లేదో చెక్ చేసుకోవడం

జవాబు సరిపోయింది కదా అని లెక్క వచ్చేసిందనుకోకండి. ఈ తప్పు నేనే చేశాను. ఒకమ్మాయికి పోలార్ కోఆర్డినేట్స్ చెబుతూ, రేడియస్ 2 ఉన్న వృత్తం వైశాల్యం డబుల్ ఇంటిగ్రల్‌తో కట్టమన్నాను. 4 పై అని చెప్పింది. సరే అనుకుని ముందుకు వెళ్లిపోయాను. ఇంటర్నల్స్‌లో ఆ అమ్మాయి ప్రతి లెక్కలోనూ ఆర్ డీఆర్ డీతీటా బదులు డీఆర్ డీతీటా అనే రాసింది. రేడియస్ 2 అయితే ఆర్ మర్చిపోయినా 4 పై వస్తుంది, అందుకే నాకు తప్పు కనిపించలేదు. ఆ పిల్ల మార్కులు చూసిన రోజు నాకు చాలా బాధేసింది. అప్పటి నుంచి రేడియస్ 3 ఇస్తున్నాను. ఆర్ ఉంటే 9 పై, మర్చిపోతే 6 పై. ట్యూటర్ మీ జవాబుతో పాటు మీ లైన్లు కూడా చూస్తున్నారో లేదో గమనించండి.

మీకు మీరే చేసుకోగలిగే చెక్‌లు ఇవి:

- పార్షియల్ డెరివేటివ్: పై మూడో లెక్కలో ఎక్స్‌ని 1 నుంచి 1.01కి మార్చండి. ఫంక్షన్ విలువ 10 నుంచి 10.0402 అవుతుంది. తేడాను 0.01తో భాగిస్తే 4.02. మీకు వచ్చిన 4కి దగ్గరగా ఉంది, సరే.
- డైరెక్షనల్ డెరివేటివ్: అదే ఫంక్షన్, అదే బిందువు, (3, 4) దిశలో. యూనిట్ వెక్టార్ చేయడం మర్చిపోతే 64 వస్తుంది. గ్రేడియంట్ పొడవు రూట్ 185, అంటే సుమారు 13.6. ఏ దిశలోనూ దాన్ని మించకూడదు కాబట్టి 64 తప్పు. 5తో భాగిస్తే 12.8, అదే సరైనది.
- లాగ్రాంజ్ మల్టిప్లయర్స్: ఎక్స్ ప్లస్ వై 10 అయినప్పుడు ఎక్స్ ఇంటూ వై గరిష్ఠం 25 అని వస్తే, పక్కనున్న 4, 6 పెట్టి చూడండి. 24. తగ్గింది, సరే.
- మాక్సిమా మినిమా: సెకండ్ డెరివేటివ్ టెస్టులో 0 వస్తే శాడిల్ పాయింట్ అని రాసేయకండి. ఎక్స్ పవర్ 4 ప్లస్ వై పవర్ 4కి కూడా (0, 0) దగ్గర 0 వస్తుంది, కానీ అది మినిమమ్.
- డైవర్జెన్స్ థియరం: రెండు వైపులా కట్టండి. (ఎక్స్, వై, జెడ్) ఫీల్డ్‌కి రేడియస్ 1 గోళం మీద ఏ దారిలో చేసినా 4 పై రావాలి.

రెండు వారాలకొకసారి పాత ప్రశ్నపత్రంలో ఒక మాడ్యూల్ తీసుకుని, ట్యూటర్ లేకుండా, టైమ్ పెట్టుకుని రాయండి. వీటీయూ పేపర్‌లో ప్రతి మాడ్యూల్ నుంచి ఒక పూర్తి ప్రశ్న రాయాల్సిందే, కాబట్టి ఒక మాడ్యూల్‌ని పూర్తిగా వదిలేసే వీలు లేదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పరీక్షకు నాలుగు రోజుల ముందు ట్యూటర్‌ని వెతకడం. నాలుగు రోజుల్లో లెక్కలు చూపించగలం, నేర్పలేం.

అసైన్‌మెంట్ ట్యూటర్‌తో చేయించుకోవడం. గ్రేడెడ్ అసైన్‌మెంట్ అయితే అది నిబంధనలకు కూడా విరుద్ధం. దానిలాంటి వేరే లెక్క చెప్పించుకోండి, అసలుది మీరే చేయండి.

అర్థం కాకపోయినా "ఓకే సార్" అనడం. పెద్దవాళ్లను మళ్లీ మళ్లీ అడగడం మర్యాద కాదని మనవాళ్లకు ఇంట్లో నేర్పిన అలవాటు. ట్యూషన్‌లో దాన్ని పక్కన పెట్టండి. నోరు పెగలకపోతే, మొదటి రోజే ట్యూటర్‌తో ఒక గుర్తు మాట్లాడుకోండి. మా దగ్గర ఎర్ర పెన్ను మూత తీసి బల్ల మీద పెడితే "అక్కడి నుంచి మళ్లీ చెప్పండి" అని అర్థం. మాటల్లో అడగలేని పిల్లలు కూడా మూత తీస్తారు.

ట్యూటర్‌ని మార్చాలా వద్దా అన్న అనుమానం వస్తే నోటుబుక్ తెరవండి. మూడు వారాల తర్వాత అందులో మీ చేతిరాత కంటే ట్యూటర్ చేతిరాతే ఎక్కువ ఉంటే, ముందు ఆయనతోనే చెప్పండి: "సార్, ఇక నుంచి నేను రాస్తాను, మీరు చూడండి." తర్వాతి రెండు క్లాసుల్లో కూడా మారకపోతే ఆ వారం ఫీజు ఇచ్చేసి, నమస్కారం చెప్పి, అడుగు 4లోని మెసేజ్ ఇంకొకరికి పంపండి.